పదకొండుకీ దొరకని తప్పు

ఆ సంఖ్యలో అరవై ఒక్క అంకెలున్నాయి. పెద్దాయన దాన్ని నల్లబల్ల మీద రాయడానికి నాలుగు వరసలు పట్టింది.

"చదువు," అన్నాడు.

దర్జీ చదవలేదు. కోట్లు, కోట్ల కోట్లు దాటాక సంఖ్యలకు పేర్లుండవు. దారినపోయే మనుషుల్లా ముఖాలు మాత్రమే ఉంటాయి.

అతని అసలు పేరు కూడా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ వాడరు. పన్నెండేళ్ళుగా కత్తెరా టేపూ చేతబట్టుకుని శత్రువుల ఇళ్ళలోకి నడిచి వెళ్ళే ఏజెంట్ కాబట్టి దర్జీ అనే పిలుస్తారు. నిజంగానే బాగా కుడతాడు. పెద్దాయన ఒంటి మీది కోటు అతను కుట్టిందే.

గొడుగులు బాగుచేసే దుకాణం పైన ఉన్న ఆ గదిలో బ్రీఫింగ్ ఎప్పుడూ పది నిమిషాలకు మించదు. ఆదివారం మధ్యాహ్నం స్ట్రాంగ్ రూమ్ నుంచి ఒక ఇనప్పెట్టె పోయింది. బరువు నలభై కిలోలు. లోపల ఒకే ఒక్క ఫిల్మ్, దాని మీద నలభై ఒక్క మంది పేర్లూ ఫొటోలూ ఉన్నాయి. అవతలి దేశంలో వంటవాళ్ళుగా, గుమాస్తాలుగా, ఒకరి భార్యలుగా బతుకుతూ మనకోసం కళ్ళు తెరిచి ఉంచినవాళ్ళు. పెట్టె తెరుచుకున్న మర్నాటికి వాళ్ళలో ఒక్కరూ మిగలరు.

పెట్టె మూత మీద ముప్ఫై చక్రాలున్నాయి. ఒక్కో చక్రం మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. పక్కన ఇత్తడి పలక మీద ఈ అరవై ఒక్క అంకెల సంఖ్య. ఒకటీ, తానూ కాక ఈ సంఖ్యని నిశ్శేషంగా భాగించేవి ప్రపంచం మొత్తం మీద రెండే సంఖ్యలు. రెండూ ప్రధాన సంఖ్యలే. చిన్నదానికి ముప్ఫై అంకెలు, పెద్దదానికి ముప్ఫై ఒకటి. ఆ చిన్నదాన్ని చక్రాల మీద తిప్పి మీట లాగితే పెట్టె తెరుచుకుంటుంది. ఒక్క చక్రం తప్పినా లోపల యాసిడ్ గొట్టం పగిలి ఫిల్మ్ కరిగిపోతుంది. రెండో ఛాన్స్ లేదు.

"వాళ్ళ పెద్ద యంత్రానికి ఇచ్చి విడదీయించవచ్చుగా?" దర్జీ అడిగాడు.

"యాభై ఏళ్ళు పడుతుంది. అందుకే పెట్టెతోపాటు మాస్టార్నీ ఎత్తుకుపోయారు. ఆయన భార్యని కూడా."

మాస్టారు ఆరేళ్ళు కూర్చుని వెతికి పట్టుకున్న రెండు ప్రధాన సంఖ్యల్ని గుణిస్తే వచ్చిందే పలక మీది సంఖ్య. ఆ రెండింటినీ కాగితం మీద పెట్టలేదు. తాళం ఒక్క తలలోనే ఉండాలన్నది డిపార్ట్‌మెంట్ రూల్. ఆ రూల్ పెట్టిన మేధావి ఎవరని దర్జీ అడగలేదు. ఎదురుగా కూర్చున్నది ఆయనే.

"నీకు స్కూల్లో లెక్కలు చెప్పింది ఆ మాస్టారే కదా?"

"అవును సార్."

"పెట్టె తెరుచుకోకూడదు. అది ఫస్ట్ ఆర్డర్. మాస్టార్ని తీసుకురా, అది సెకండ్. తేలేకపోతే అక్కడే వదిలెయ్. మాట్లాడే స్థితిలో మాత్రం వదలకు." నీలం తల ఉన్న గుండుసూదులు రెండు బల్ల మీద పెట్టాడు. గుచ్చుకుంటే పది లెక్కపెట్టేలోపు మనిషి ఉండడు.

"ఒకటి ఆయనకి. రెండోది?"

"నీ ఇష్టం."

దర్జీ లేచి తలుపు దాకా వెళ్ళాక పెద్దాయన వెనక నుంచి మెల్లగా అన్నాడు. "ఆ లిస్టులో పదిహేడో పేరు మీ అక్కది."

పదకొండేళ్ళ క్రితం రైలు ప్లాట్‌ఫారం మీద అక్క అతని కాలరు సర్ది, వెనక్కి తిరిగి చూడకు తమ్ముడూ, చూస్తే నేను ఎక్కలేను అంది. అమ్మ పోయాక అతనికి అన్నం పెట్టిన మనిషి. సూదిలో దారం ఎక్కించడం నేర్పిన మనిషి. అతను చూడలేదు. ఎక్కడికి పంపారో డిపార్ట్‌మెంట్ చెప్పలేదు, అతను అడగలేదు. ఆ రోజు నుంచి రైలు కూత వినబడితే మెడ పట్టేసినట్టు అవుతుంది.

*

కర్నల్‌కి కోటు కుట్టే దర్జీకి రెండు రోజుల క్రితం కాలు విరిగింది. విరిచింది డిపార్ట్‌మెంటే. కొత్త దర్జీ కొలతల పుస్తకంతో మేడ మెట్లెక్కేసరికి మధ్యాహ్నం మూడు.

కర్నల్ విదేశీ ముఠాకి నాయకుడు. నెమ్మదస్తుడు, పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తూ మాట్లాడతాడు. మన భాష ముక్క రాదు. ఐదు గంటల ఓడలో వెళ్ళిపోతున్నాడు. కస్టమ్స్ వాళ్ళ ముందు నుంచి నలభై కిలోల పెట్టెని దాటించడం కుదరదు కాబట్టి దాన్ని ఇక్కడే తెరిచి, ఫిల్మ్ మటుకు పట్టుకెళ్ళాలి. దానికోసమే కొత్త కోటు. ఎడమ చంక కింద లైనింగ్ లోపల ఎవరికీ తెలియని జేబు కావాలి.

జేబు సంగతి దర్జీకి వివరించింది దుబాసీ. కర్నల్ మాటని మన భాషలోకీ, మన మాటని కర్నల్ భాషలోకీ మార్చడం ఆమె ఉద్యోగం. పొడుగాటి మనిషి. ముదురాకుపచ్చ పట్టు గౌను, మెడలో ఒకే ఒక్క ముత్యం. ఆమె నవ్వితే ఎదుటివాడు తను చెప్పబోయేది మరిచిపోతాడని డిపార్ట్‌మెంట్ ఫైల్లో రాసుంది. నాలుగేళ్ళుగా రెండు వైపులా పనిచేస్తోందనీ, ఏ వైపుకి ఎక్కువో ఎవరికీ తెలియదనీ కూడా రాసుంది.

"నా గౌను నడుం దగ్గర వదులైంది. అది కూడా చూడు," అంటూ ఆమె తెర వెనక్కి నడిచింది. దర్జీ టేపు తీసుకుని వెళ్ళాడు.

"కోటుకి గుండీలు మూడా, నాలుగా?" కోడ్ ప్రకారం అడిగాడు.

"మూడు చాలు. నాలుగోది ఎప్పుడూ ఊడిపోతుంది." ఆమె చేతులు పైకెత్తి నిలబడింది. గొంతు తగ్గించింది. "నువ్వు ఆలస్యంగా వచ్చావు. మూడున్నరకి మాస్టారు చెప్పేస్తున్నాడు."

కుడిచేతి వేళ్ళు మూడు తలుపు సందులో పెట్టి విరిచినా ఆయన రెండు రోజులు నోరు విప్పలేదట. ఎడమ చెయ్యి వదిలేశారు. మర్యాదస్తుడైన కర్నల్, అన్నం తినడానికి ఒక చెయ్యి ఉండాలి కదా అన్నాడట. మూడో రోజు ఆయన భార్య గొంతు ఫోన్‌లో వినిపించారు. ఆమెని ఊరవతల ఒక ఇంట్లో ఉంచారు. కాపలా ఉన్నవాళ్ళు ఇక్కడే కూలికి కుదిరిన రౌడీలు. పెట్టె తెరుచుకుంటే ఇద్దర్నీ ఇంటికి పంపుతారు. తెరుచుకోకపోతే ఆమెని చంపేస్తారు.

"నిజంగా పంపుతాడా?"

"కర్నల్ మాట తప్పడు. అదే ఆయనలో ఉన్న దరిద్రం."

దర్జీ టేపు ఆమె నడుం చుట్టూ తిప్పి ఇరవై ఆరు అని పైకి అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మాస్టారు చెప్పే అంకెల్ని కర్నల్ భాషలో చెప్పేది నువ్వే కదా?"

"నేనే. రాసుకునేది కళ్ళజోడు." కర్నల్ వెంట వచ్చిన లెక్కల మనిషికి ఆమె పెట్టిన పేరది. "ఒక అంకె మార్చి చెప్పమంటావు, అంతేనా? వాడు పట్టేస్తాడు. వాడికి ఏవో పరీక్షలున్నాయి."

"అంకె మార్చకు. చోటు మార్చు."

స్కూల్లో మాస్టారు ఏటా చెప్పే పాఠం అతనికి నోటికొచ్చు. పెద్ద గుణకారం తప్పిందో లేదో చూడాలంటే అంకెలన్నీ కూడి తొమ్మిదులు తీసేయండ్రా. మిగిలింది సరిపోతే పిలిచినవాళ్ళందరూ వచ్చినట్టే. కానీ ఎవరి కుర్చీలో ఎవరు కూర్చున్నారో తొమ్మిదికి అక్కర్లేదు. అది చూసేది పదకొండు. పక్కపక్కవాళ్ళు కుర్చీలు మారితే పదకొండు చెవి పట్టుకుని లేపుతుంది. మధ్యలో ఒక కుర్చీ వదిలి మారారా, దానికీ దొరకరు. ఒక పరీక్షలో దర్జీ సరిగ్గా ఆ తప్పే చేశాడు. మాస్టారు దానికి దొంగ తప్పు అని పేరు పెట్టి, అరచేతి మీద స్కేలుతో రెండు వేసి, మధ్యలో ఒకటి వదిలి ఇంకోటి వేశాడు.

మాస్టారు పెద్ద సంఖ్యల్ని ఎప్పుడూ ఐదేసి అంకెల గుంపులుగానే చెబుతాడు. నాలుగో గుంపులో రెండో అంకెనీ నాలుగో అంకెనీ తారుమారు చెయ్యమన్నాడు దర్జీ.

"ముసలావిడ చచ్చిపోతుంది," అంది దుబాసీ.

దర్జీ టేపు చుట్టాడు. ఆవిడ పేరు ఏ ఆర్డర్‌లోనూ లేదు. పదిహేడో పేరు అక్కది.

"నాకు లెక్కలు రావు," అంది ఆమె గౌను సర్దుకుంటూ. "చేస్తానో లేదో కూడా తెలియదు. చూద్దాం."

*

మూడున్నరకి మాస్టార్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కుడి చేతికి తువ్వాలు చుట్టి ఉంది. ఆయన కళ్ళు దర్జీ మీద ఒక్క క్షణం ఆగి, ముందుకు వెళ్ళిపోయాయి.

కాపలావాణ్ణి కిందికి పంపి కారు స్టార్ట్ చేసి ఉంచమన్నాడు కర్నల్. గదిలో ఐదుగురు మిగిలారు. దర్జీ కిటికీ దగ్గర కోటుకి లైనింగ్ కుడుతున్నాడు. నీలం తల సూది ఒకటి కోటు కాలరు లోపల మెడ వైపు మొన ఉండేలా గుచ్చి ఉంది. కర్నల్ కోటు తొడిగి పైగుండీ పెట్టుకుంటే చాలు.

ముందు మాస్టారికి ఫోన్ ఇచ్చారు. రిసీవర్ మాత్రం దుబాసీయే పట్టుకుని ఆయన చెవి దగ్గర పెట్టింది. అవతల ఆయన భార్యకి కాస్త చెవుడు, అందుకే గట్టిగా మాట్లాడుతుంది. గది అంతా వినిపించింది.

"ఏవండీ, మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"అబద్ధం. మీ గొంతే చెబుతోంది. వీళ్ళు మంచివాళ్ళే అండీ, నడుం నొప్పంటే దిండు కూడా ఇచ్చారు. ఇంటికెప్పుడు?"

"సాయంత్రానికి," అన్నాడు మాస్టారు.

ఫోన్ పెట్టేశాక ఆయన కాసేపు ఇత్తడి పలకని చూస్తూ కూర్చున్నాడు. సంఖ్యల్లో కలపడం ఒక పూట పని, విడదీయడానికి ఒక జన్మ చాలదు, మనుషుల్లో దీనికి పూర్తిగా తలకిందులు అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. దుబాసీ దాన్ని కర్నల్‌కి చెప్పలేదు.

తర్వాత ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఐదు అంకెలు చెప్పి ఆగుతాడు. దుబాసీ ఆ ఐదూ కర్నల్ భాషలో చెబుతుంది. కళ్ళజోడు రాసుకుంటాడు. ఆ భాషలో అంకెలు దర్జీకి వచ్చు. మొదటి మూడు గుంపులూ ఆమె ఉన్నవున్నట్టు చెప్పింది.

నాలుగో గుంపు. "మూడు, ఐదు, సున్నా, ఐదు, ఎనిమిది," అన్నాడు మాస్టారు.

దర్జీ అరచేతిలో కుట్టుసూది దిగింది. రెండోదీ ఐదే, నాలుగోదీ ఐదే. ఐదుని తీసి ఐదు చోట్లో పెడితే మారేదేమిటి? దుబాసీ మూడు, ఐదు, సున్నా, ఐదు, ఎనిమిది అని చెప్పింది. తను చెప్పినట్టే చేశాననుకుంటోందా, లేక చెయ్యదలుచుకోలేదా? కళ్ళతో అయినా ఏదో ఒకటి చెప్పాలని చూశాడు. ఆమె ఇటు తిరగలేదు.

ఐదో గుంపు వచ్చేసరికి కర్నల్ లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమె ఆ ఐదూ ఉన్నవున్నట్టు చెప్పింది.

ఇంక ఒకే ఒక్క గుంపు ఉంది. దర్జీకి అక్క కాలరు సర్దిన చేతులు గుర్తొచ్చాయి. గోళ్ళ దగ్గర సూది పోట్లు ఉండేవి.

"ఆరు, ఎనిమిది, సున్నా, మూడు, ఏడు. అయిపోయింది," అన్నాడు మాస్టారు.

దుబాసీ మెడలో ముత్యాన్ని ఒకసారి సవరించుకుంది. కర్నల్ భాషలో చెప్పింది. ఆరు, మూడు, సున్నా, ఎనిమిది, ఏడు.

తర్వాత మాస్టారు చెప్పిన పెద్ద సంఖ్యలోని ముప్ఫై ఒక్క అంకెల్నీ ఆమె ఏ మార్పూ లేకుండా చెప్పింది. కళ్ళజోడు రెండింటినీ ముందు పెట్టుకున్నాడు. మొత్తం గుణించి చూడాలంటే మూడు గంటలు కావాలన్నాడు. అతని చేతి యంత్రానికి పది అంకెలు దాటితే ఊపిరాడదు. కర్నల్ గడియారం చూపించాడు. నాలుగు కావస్తోంది.

కళ్ళజోడు చివరి అంకెలు చూశాడు. ఏడూ మూడూ గుణిస్తే ఇరవై ఒకటి. పలక మీది సంఖ్య ఒకటితోనే ముగుస్తుంది. సరే. తొమ్మిదులు తీశాడు. సరే. కర్నల్ పెట్టె వైపు కదిలాడు. కళ్ళజోడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకో పరీక్ష ఉందన్నాడు. ఒక అంకె కూడుతూ, ఒక అంకె తీస్తూ పదకొండుతో లెక్క వేయడం మొదలుపెట్టాడు. పెన్సిల్ గీతలు దర్జీ వీపు మీద గీస్తున్నట్టే ఉంది.

"సరిపోయింది," అన్నాడు కళ్ళజోడు.

కర్నల్ ముప్ఫై చక్రాలూ తనే స్వయంగా తిప్పాడు. పిప్పరమెంటు బిళ్ళ కొరికేసి మీట లాగాడు.

గాజు పగిలిన చప్పుడు చిన్నగా వినబడింది. పెట్టె సందుల్లోంచి పసుపు పొగ వచ్చింది. నలభై ఒక్క ముఖాలు కరిగిన వాసన ముక్కుపుటాల్ని కోసింది.

"అబద్ధం చెప్పాడు," అన్నాడు కర్నల్, కోపం లేకుండా.

మాస్టారికి తర్జుమా అక్కర్లేకపోయింది. నిజమే చెప్పాను, నిజమే చెప్పాను అంటూ మొదటి గుంపు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. నిజమే అంటున్నాడని మాత్రం దుబాసీ కర్నల్‌కి చెప్పింది.

దర్జీ కోటు దులిపి రెండు చేతులా పట్టుకుని ముందుకొచ్చాడు. "టైమవుతోంది సార్. కోటు తొడుక్కోండి."

దుబాసీ చెప్పింది. కర్నల్ ఒక చెయ్యి కోటులోకి పెట్టాడు. మళ్ళీ తీసేశాడు. ముందు ఫోన్ అన్నాడు. రిసీవర్ ఆమెకి ఇచ్చి, ఏం చెప్పాలో చెప్పాడు.

ఆ రౌడీలకి కర్నల్ భాష రాదు. కర్నల్‌కి వాళ్ళ భాష రాదు. మధ్యలో ఆమె ఒక్కతే ఉంది. ఆమె ఏం చెబితే అదే ఉత్తర్వు. దర్జీ ఆమెనే చూస్తున్నాడు.

"ముసలావిడని చంపెయ్యండి," అంది ఆమె ఫోన్‌లో. "ఫోన్ పెట్టకండి, సార్ వింటారట."

కర్నల్ రిసీవర్ తీసుకుని మాస్టారి చెవికి ఆనించాడు.

తర్వాత కోటు తొడుక్కున్నాడు. పైగుండీ పెట్టుకుని, చురుక్కుమన్నట్టు మెడ తడుముకుని, ఎనిమిది లెక్కపెట్టేసరికి కూలిపోయాడు. ముందు కోటు, తర్వాత ఫోన్ అయివుంటే చాలు. అదే మనిషి, అదే కోటు, అదే ఫోన్.

దుబాసీ కర్నల్ నడుం నుంచి పిస్తోలు తీసి, దిండు అడ్డం పెట్టి, చేతులెత్తిన కళ్ళజోడుని కాల్చింది. "ఓడెక్కాక తీరిగ్గా గుణించి చూస్తాడు," అంది. "అప్పుడు నాకు ఉద్యోగం ఉండదు."

"ఫోన్‌లో ఇంకోటి చెప్పి ఉండొచ్చు," అన్నాడు దర్జీ.

"చెప్పి, చెవికి ఆనిస్తే మాస్టారికేం వినబడేది? ఆయన ముఖం చూసి కర్నల్ పట్టేసేవాడు. రోజుకి ఒక్క అబద్ధం. రెండోది మొదటిదాన్ని కూడా పట్టిస్తుంది." తలుపు దగ్గర ఆగింది. "నీ నాలుగో గుంపులో రెండూ ఐదులే. లెక్కలు రానిది నాకా, నీకా?"

కింద కారు దగ్గర కాపలావాడితో ఆమె నవ్వుతూ మాట్లాడుతుంటే దర్జీ మాస్టార్ని వెనక మెట్ల మీంచి దించాడు.

*

లాండ్రీ వ్యాన్‌లో ఉతికిన దుప్పట్ల మధ్య కూర్చోబెడితే మాస్టారు చాలాసేపు పెదాలు కదుపుతూనే ఉన్నాడు. గుంపులు గుంపులుగా చెప్పుకుంటున్నాడు. పెట్టెలో ఫిల్మ్ కరిగిపోయింది కాబట్టి ఆ సంఖ్య ఇప్పుడు వట్టి సంఖ్య. ఎవరికి చెప్పినా ఫర్వాలేదు. రెండో గుండుసూదితో పనిలేదు.

"ఒరేయ్," అన్నాడు చివరికి. "నిన్ను గుర్తుపట్టానులే. నేనెక్కడ తప్పు చెప్పానో చూడు. ఇన్నేళ్ళు తలలో మోశాను. అవసరానికి మరిచిపోయానా?"

ఊరుకుని ఉండొచ్చు. తప్పు తనదేనని ఆయన మిగిలిన రోజులన్నీ లెక్క వేసుకుంటూ పోయేవాడు. దర్జీ ఊరుకోలేకపోయాడు.

"మీరు సరిగ్గానే చెప్పారు మాస్టారూ. తారుమారు చేయించింది నేను."

"ఏ రెండు?"

"చివరి గుంపులో ఎనిమిదీ మూడూ."

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ఎడమచేతి వేళ్ళ మీద కూడాడు, తీశాడు. పాత క్లాసులో బోర్డు ముందు నిలబడ్డట్టు తల ఊపాడు.

"మధ్యలో సున్నా వదిలి. పదకొండుకీ దొరకదు." కళ్ళు తెరిచి, "బాగా చేశావు," అన్నాడు.

వ్యాన్ దిగేటప్పుడు దర్జీ చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

*

గొడుగుల దుకాణం పైన పెద్దాయన జ్ఞాపకం నుంచి లిస్టు మళ్ళీ రాస్తున్నాడు. కొత్త పెట్టెకి కొత్త సంఖ్య కావాలని మాస్టారికి అప్పుడే కబురు పెట్టాడట. దర్జీ రిపోర్ట్ విని, మిషన్ సక్సెస్ అన్నాడు. ముసలావిడ సంగతి విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఆయన సిగరెట్ కోసం లేచినప్పుడు దర్జీ బల్ల మీది కాగితం చూశాడు. పదిహేడో పేరు ఎవరో పడవల రేవులో టికెట్లు చింపే మగవాడిది. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా చదివాడు. మధ్యలో ఒకటి వదిలి కూడా చదివాడు.

"అక్క లేదు సార్ ఇందులో."

"లేదు," అన్నాడు పెద్దాయన అగ్గిపుల్ల ఆర్పుతూ. "ఎప్పుడూ లేదు. ఎక్కడుందో నాకూ తెలియదు. నీకు చెయ్యి వణకకూడదని అన్నాను. వణకలేదుగా?"

దర్జీ టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కర్నల్ ఒకడు మాట తప్పనివాడు, ఈయన తప్పేవాడు. అంకెలు వేరే. తొమ్మిదులు తీసి చూస్తే మాత్రం ఇద్దరికీ ఒకటే మిగిలింది.

"కోటు భుజం దగ్గర పట్టేస్తోందయ్యా," అన్నాడు పెద్దాయన. "ఒకసారి చూడు."

"తీసివ్వండి సార్," అన్నాడు దర్జీ. మిగిలిపోయిన నీలం తల గుండుసూది అతని దగ్గరే ఉంది.